రాజు లేని ఊరికి ఏ రంగు

ఒబియాజులు మా అముకెరెకి వచ్చిన రోజున ఎండుగాలి దుమ్ము ఎంత దట్టంగా ఉందంటే, లారీ దిగిన మనిషి ఆడో మగో కూడా నాకు చప్పున తెలియలేదు. తల నుంచి మెడ దాకా గుడ్డ చుట్టుకుని, దాదాపు తన ఎత్తున్న రేకు గొట్టాన్ని చంకన పెట్టుకుని తిన్నగా బడిలోకి నడిచి వచ్చింది. గుడ్డ విప్పి ముఖం తుడుచుకుంది. ముప్పై ఏళ్లుంటాయేమో.

"ఒమెజె మేష్టారు మీరేనా అండీ? మీ ఊరికి రాజెవరు?" అంది. మంచినీళ్లైనా అడగలేదు.

"ఎప్పటి రాజమ్మా?"

"తెల్లవాళ్లు రాకముందు."

"అప్పటికి నేను పుట్టలేదు. మా నాన్నే పాకుతూ ఉండుంటాడు."

ఆమె నవ్వి, గొట్టం మూత తీసి, పటాన్ని నా బల్ల మీద పరిచింది. అంచులు చుట్టుకుపోతుంటే నాలుగు మూలలా నాలుగు సుద్దముక్కల డబ్బాలు పెట్టాం. దేశానికి స్వతంత్రం వచ్చి అప్పటికి మూడేళ్లు. పిల్లలకి ఇంగ్లండు రాజుల పేర్లే కాకుండా మన పాత రాజ్యాల సంగతి కూడా చెప్పాలని, బడి గోడలకి తగిలించే పటం ఒకటి ఎనుగు నగరంలో తయారుచేయిస్తున్నారట. గీసేది ఈమె. ఒక్కో రాజ్యానికి ఒక్కో రంగు. పటం కింద గళ్లలో ఆ రాజ్యాన్ని ఎలా పాలించారో రాయాలి. రాజుని ఎవరు ఎన్నుకున్నారు, కప్పం ఎవరు వసూలు చేశారు, రాజుతో 'కుదరదు' అనగలిగినవాళ్లెవరు, అన్నీ.

పడమట బెనిన్ రాజ్యం ఊదా రంగులో ఉంది. ఉత్తరాన ఇడా నగరం. అక్కడి రాజుని 'అట్టా' అంటారు, ఆయన ఏలిన నేల ఎర్రగా ఉంది. ఆ ఎరుపుకి దక్షిణపు హద్దు మాత్రం ఇంకా పెన్సిలు గీతే. గీసి, చెరిపి, మళ్లీ గీసి, అక్కడ కాగితం నూగు లేచిపోయింది. ఆ గీత సరిగ్గా మా ఊరి నెత్తి మీదుగా పోతోంది. గీతకి కిందంతా ఖాళీ. తెల్ల కాగితం.

"వారంలో తేల్చుకు రమ్మన్నాడు మా పెద్దాయన. మీరు గీతకి అటైతే ఎరుపు. ఇటైతే మీ రాజుకో కొత్త రంగు."

"ఎటూ కాకపోతే?"

ఆమె తలెత్తి నా ముఖంలోకి చూసింది. "ఎటూ కాకుండా ఎట్లా ఉంటారండీ?"

మా పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం ఉండేది: రాజు లేని జాతులకు ప్రభుత్వం అంటే తెలియదు అని. పన్నెండేళ్లుగా ఆ పేజీ వచ్చినప్పుడల్లా గబగబా చదివేసి తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయేవాణ్ణి. ఏ పిల్లైనా లేచి 'మరి మన సంగతేంటి సార్' అంటే ఏం చెప్పాలో నాకు తెలియదు.

మొదట ఆమెను ఊరి పెద్ద ఉరామా దగ్గరికి తీసుకెళ్లాను. మాలో అందరికంటే ఎక్కువ వయసున్న మగవాడే ఊరి పెద్ద. ఆ ఏడు ఉరామాకి తొంభై ఉంటాయి. అతిథులకిచ్చే కోలా గింజ చీల్చి పంచాక, "ఏ ఊరమ్మా నీది?" అని అడిగాడు.

"ఒనిచ్చా, తాతా."

"ఓహో! మీకు రాజున్నాడుగా. ఏడాదికోసారి గడప దాటి జనానికి కనబడతాడటగా. మిగతా రోజులు లోపల ఏం చేస్తాడే పాపం? చీమల్ని లెక్కపెడతాడా?"

చుట్టూ ఉన్నవాళ్లు పకపక నవ్వారు. ఆమె కూడా నవ్వింది కానీ పెన్సిలు వదల్లేదు. "పోనీ, మీకు ఆజ్ఞలు ఎవరిచ్చేవాళ్లు తాతా?"

"ఆజ్ఞలా? నేను ఊరి పెద్దని. పొద్దున్నించీ తమలపాకంత పొగాకు పెట్టవే అని కోడల్ని అడుగుతున్నా. పెట్టిందేమో అడుగు."

మూడు రోజులు అలాగే గడిచాయి. ఎవర్నడిగినా ఒక్కో మాట చెప్పారు. మా తాతలు ఇడా నుంచే వచ్చారన్నాడొకడు. మేం ఈ మట్టిలోంచే మొలిచాం, ఇడావాళ్లే మా దగ్గర యామ్ దుంపలు అడుక్కుతిన్నారన్నాడు ఇంకొకడు. సంతలో ఎండు చేపలమ్మే ఇడా మనిషి అచిముగు మాత్రం, "మీ తాతలు మా రాజుకి గుర్రం పంపారు, మా రాజు మీకు గంటలు పంపాడు. దాన్ని ఏలడం అంటారో, ఇచ్చిపుచ్చుకోవడం అంటారో, చదువుకున్నదానివి నువ్వే చెప్పు తల్లీ," అన్నాడు. ఆమె అన్నీ రాసుకుంది. సాయంత్రం పటం ముందు కూర్చుని పెన్సిలు గీత మళ్లీ చెరిపింది.

నాలుగో రోజు పొద్దున అసొగ్వా తానే బడికి వచ్చాడు. మా ఊరి నాలుగు వాడల్లో పైవాడలోని గుడికి ఆయన పూజారి. డెబ్బై దాటినా నిటారుగా నడుస్తాడు. ఆ రోజు ఈక గుచ్చిన ఎర్రటోపీ పెట్టుకుని, చేత్తో ఇత్తడి గంట పట్టుకొచ్చాడు. గంట మీద మనిషి ముఖం చెక్కి ఉంటుంది. అరిగి అరిగి ముక్కు పోయింది.

"నువ్వు వెతుకుతున్న రాజు మా తాతే," అన్నాడు కూర్చోకుండానే. "ఈ గంట ఆయనకి ఇడా రాజు అట్టా తన చేత్తో ఇచ్చాడు. అక్కడ ఏడు సంతల కాలం ఉండి తెచ్చుకున్నాడు. నాకు ఆ ఎరుపు వద్దు, అది వాళ్లది. పసుపు వెయ్యి. మంచి ముదురు పసుపు."

ఆయన తొందర నాకు అర్థమైంది. పాత రాజవంశాల వాళ్లని గుర్తించి ప్రభుత్వం రాజుల సభలో చోటిస్తుందని ఆ రోజుల్లో ఎక్కడ చూసినా అదే మాట. అచ్చయిన పటంలో పేరుంటే అంతకంటే రుజువేం కావాలి?

ఒబియాజులు గంటని రెండు చేతుల్తో తీసుకుని, వెలుతురులోకి తిప్పి తిప్పి చూసింది. ఆమె కళ్లు మెరిశాయి. తర్వాత, ఏ దురుద్దేశమూ లేకుండా, తెలుసుకోవాలన్న ఆత్రంతోనే అడిగింది: "మీ తాతగారి మాట నాలుగు వాడల్లోనూ చెల్లేదా? మీ మాట ఇప్పుడు చెల్లుతుందా?"

అసొగ్వా గంటని వెనక్కి లాక్కున్నాడు. "చెల్లుతుందా అంటావా? చూద్దువుగాని."

మరునాటి తెల్లవారుజామున దిగువవాడ ఆడవాళ్లు ఖాళీ కుండలతో వెనక్కి వచ్చేశారు. లోయలోకి ఊట దగ్గరికి దిగే దారికి అడ్డంగా పామ్ చెట్టు లేత ఆకు తోరణం కట్టి ఉంది. గుడి పూజారి కట్టిన ఆకు అది. దాన్ని తెంపితే దేవుడికి అపచారం. దిగువవాడ మనుషులు తన దగ్గరికొచ్చి అనుమతి అడిగి నీళ్లు తోడుకోవాలని అసొగ్వా కబురు పంపాడు. పైవాడకి మాత్రం అడ్డు లేదు. ఆ ఎండాకాలంలో ఇంకో ఊట కావాలంటే రెండు గంటల నడక.

ఒబియాజులు పెన్సిలు పక్కన పెట్టేసింది. "మేష్టారూ, ఇది నావల్లే అయింది."

"నువ్వు అడిగావు. ఆకు కట్టింది ఆయన."

"అడగకపోతే కట్టేవాడా?"

నా మాట వినకుండా పైవాడకి పరిగెత్తింది. నేనూ వెంట వెళ్లాను. అసొగ్వా పీట మీద కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. "ముందు పసుపు వెయ్యి. తర్వాత ఆకు విప్పుతా," అన్నాడు.

తిరిగి వచ్చి ఆమె రంగుల పెట్టె తెరిచింది. కుంచె తడిపింది. మా ఊరి మీద కుంచె పట్టుకుని ఎంతసేపు అలా ఉందో! ఒక రంగుతో నూటయాభై గడపలకి నీళ్లొస్తాయంటే ఎవరికైనా చెయ్యి లాగుతుంది. నేను మాత్రం ఏం చెప్పగలను? అప్పుడే దిగువవాడ ఎబెరె ఖాళీ కుండతో బడి గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూసింది.

"ఏం చేస్తున్నావే గీతలమ్మా?"

ఒబియాజులు చెప్పింది.

"నిన్నెవరు చెయ్యమన్నారు? మేమడిగామా?" అంది ఎబెరె చిరాగ్గా. "ఆ కుంచె కింద పెట్టు. రెండ్రోజులు దూరం నుంచి మోసుకుంటాం, చచ్చిపోంలే. సంతకి మాట వెళ్లింది."

"ఎవరికి? పోలీసులకా?"

"పోలీసులెందుకే పిచ్చి మొహమా? ఆడపడుచులకి."

మా ఊళ్లో పుట్టి చుట్టుపక్కల ఊళ్లకి కోడళ్లుగా వెళ్లిన ఆడవాళ్లు ఎక్కడున్నా మా ఆడపడుచులే. అత్తవారింట వాళ్లు నోరెత్తకుండా ఉండొచ్చు. పుట్టింటికొస్తే మాత్రం మగాడు ఎంతటివాడైనా వాళ్ల ముందు తమ్ముడే.

రెండో రోజు ఎండ ఎక్కేవేళకి వాళ్లు వచ్చారు. అరవై మంది పైనే. తలా ఒక రోకలి, ఒక చాప. ముందు నడుస్తున్నది న్వాన్యెకె, అసొగ్వా తోడబుట్టిన అక్క. ఆయన కంటే ఆరేళ్లు పెద్దది. ఆవిడ అత్తవారిది పక్క ఊరు. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా తమ్ముడి వాకిట్లోకి వెళ్లి, మధ్యలో చాప పరిచి, కాళ్లు చాపుకుని కూర్చుంది. మిగతావాళ్లు ఆవిడ చుట్టూ కూర్చున్నారు. వాకిట్లో ఇక కోడి నడవడానికి చోటు లేదు.

"అక్కా, ఏంటిది?" అన్నాడు అసొగ్వా గుమ్మంలోంచి.

"రాజుగారి దర్శనానికొచ్చాం తమ్ముడూ. మా ఇంట్లో రాజు పుట్టాడని తెలియక ఇన్నాళ్లూ రాలేదు. ఆకలేస్తోంది, అన్నం పెట్టించు."

రోకళ్లతో నేల మీద దరువు మొదలైంది. గొంతులు కలిశాయి.

"కొత్త రాజు లేచాడోయ్
నీళ్లకి కంచె వేశాడోయ్
అక్క చంకలో ముక్కు చీమిడి
ఎప్పుడు ఇంత పెరిగాడోయ్!"

ఒబియాజులు నా భుజం పట్టుకుని ఊపేసింది. "వీళ్లని ఎవరు రమ్మన్నారు? ఎవరి ఆజ్ఞ ఇది?"

"ఆజ్ఞ ఏమీ ఉండదు. మాట చేరితే వస్తారు."

"రాకపోతే?"

నేను ఆలోచించాను. నిజానికి అప్పటిదాకా ఎప్పుడూ ఆలోచించలేదు. "రాకపోతే, రేపు తన అత్తవారింట్లో కష్టమొచ్చినప్పుడు ఆవిడ కోసం ఎవరూ రారు," అన్నాను. ఆమె నిలబడే రాసుకుంది.

అసొగ్వా ఇంట్లో యామ్ దుంపలన్నీ ఆ పూటే అయిపోయాయి. పాట మాత్రం ఆగలేదు. ఆయన ఇద్దరు భార్యలూ వంట ఆపేసి వాళ్లూ చాప తెచ్చుకుని ఆ గుంపులోనే కూర్చున్నారు. పైవాడ మగవాళ్లని సాయం పిలిస్తే, ఒకడికి కొబ్బరిచెట్టు ఎక్కాల్సిన పని గుర్తొచ్చింది, ఇంకొకడికి మేక తప్పిపోయింది. ఆ వాకిట్లోకి వెళ్లి రోకళ్ల మధ్య నిలబడే ధైర్యం ఎవరికుంది? ఊరి పెద్ద ఉరామాకి కబురు పెడితే, "నాకు చెవులు సరిగ్గా వినబడవని చెప్పండి," అన్నాడట.

మర్నాడు మధ్యాహ్నానికి ఆయన బయటికొచ్చాడు. టోపీ లేదు. రాత్రంతా నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అక్క ముందు గొంతుక్కూర్చుని, "ఇక చాలక్కా," అన్నాడు.

"నాతో కాదు చెప్పాల్సింది. దిగువవాడ వాళ్లకి చెప్పు."

నాలుగు వాడల వాళ్లూ సంత మైదానంలో చేరారు. గంటసేపు ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడారు. నోరున్న కుర్రాళ్లు కేకలేశారు, ముసలివాళ్లు గొణిగారు, ఎబెరె రెండు రోజులు మోసిన నీళ్ల బరువంతా మాటల్లో దించేసింది. చివరికి ఊరి పెద్ద ఉరామా లేచి, అందరూ అప్పటికే అన్న మాటలనే మళ్లీ నెమ్మదిగా అప్పజెప్పాడు: ఆకు కట్టిన చెయ్యే ఆకు విప్పాలి, దిగువవాడకి ఒక మేక ఇవ్వాలి, ఇంతకంటే ఎక్కువ అడగకూడదు, ఇంతకంటే తగ్గకూడదు. 'ఔను' అని మైదానం అంతా ఒక్క గొంతుతో అంది. ఉరామా కూర్చున్నాడు. అంతే.

అసొగ్వా లోయలోకి దిగి ఆకు విప్పుతుంటే నాకు జాలేసింది. ఒబియాజులు అటు చూడలేక తల తిప్పుకుంది.

చీకటి పడకముందే ఆమె న్వాన్యెకెని బడికి పిలుచుకొచ్చి, పప్పుపిండితో ఉడికించిన వేడి ఒక్పా పొట్లం చేతిలో పెట్టి పటం చూపించింది. ముసలావిడ ఒక్పా నములుతూ ఎరుపునీ ఊదానీ వేలితో తడిమింది. "బాగున్నాయే. బట్ట మీద వేస్తే ఇంకా బాగుంటాయి."

"అవ్వా, ఒక్క మాట చెప్పు. ఇడా రాజు మీ తాతని రాజుని చెయ్యలేదా? మరి ఆ గంట ఎందుకిచ్చాడు?"

"ఎందుకివ్వడు? మా తాత ఇడా వెళ్లి అక్కడి మంత్రం నేర్చుకున్నాడు, గుడి పెట్టాడు, ఇడా రాజు పేరు చెప్పి పూజ చేశాడు. దారిలో ఇడా వర్తకుల జోలికి ఎవరూ పోకుండా చూసుకున్నాడు. అదంతా నిజమే. మా వాడు అబద్ధం చెప్పలేదు."

"మరి రాజు కాడా?"

"గంట కొడితే జనం వస్తారు తల్లీ. వచ్చాక ఏం చెయ్యాలో వాళ్లే తేల్చుకుంటారు. మా తాత కూడా ఓసారి మా వాడిలాగే ఎగిరాడట. అప్పుడు ఆయన అక్కచెల్లెళ్లు తొమ్మిది రోజులు కూర్చున్నారట. మా వాడు నయం, రెండో రోజుకే దిగొచ్చాడు," అని గర్వంగా నవ్వింది.

ఒబియాజులు నవ్వలేదు. పటం వైపే చూస్తూ ఉంది. "ఇడా రాజుకి మీరు ఎంతో కొంత చెందుతారు. పూర్తిగా చెందరు. ఉత్తరానికి పోయేకొద్దీ ఎక్కువ చెందుతారు, దక్షిణానికి వచ్చేకొద్దీ తక్కువ," అని తనలో తాను అనుకున్నట్టుగా అంది. "అట్లాంటప్పుడు గీత ఎక్కడ నిలబడుతుంది?"

"నిలబడకపోతే మానెయ్," అంది ముసలావిడ, పొట్లంలో మిగిలింది కొంగున కట్టుకుంటూ.

ఊరు విడిచి వెళ్లేముందు ఒబియాజులు అసొగ్వా ఇంటికి ఒక్కతే వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తిరిగొచ్చాక గంట బొమ్మ ఉన్న కాగితం ఒకటి చూపించింది. ఆ ముఖానికి పోయిన ముక్కు ఎలా ఉండేదో ఆయనే గుర్తు తెచ్చుకుని చెప్పాడట.

రెండు నెలల తర్వాత ఆమె దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఎరుపుని తడి కుంచెతో పలచబరుస్తూ మా నేల మీదికి పాకనిస్తే, అచ్చువాళ్లు అలా అచ్చుపడదన్నారట. మూడు రోజులు ప్రెస్సులో కూర్చుని, వాళ్లు బొమ్మలు ఎలా వేస్తారో చూసి, చివరికి చుక్కలు పెట్టింది. ఇడా దగ్గర ఎర్ర చుక్కలు ఒత్తుగా, దక్షిణానికి వచ్చేకొద్దీ అరుదుగా. తెల్లగా ఖాళీగా ఉన్న నేలంతటా ఊరికొకటి చొప్పున ఆకుపచ్చ చుక్కలు, అన్నీ ఒకే సైజులో. మా చుట్టుపక్కల రెండూ కలిసిపోయి ఉంటాయని రాసింది. హద్దు లేని పటమేంటని వాళ్ల పెద్దాయన మూడు వారాలు సంతకం పెట్టలేదట. ఒకరోజు ఆ చుక్కల్లో తన అమ్మమ్మ ఊరు వెతుక్కుని, దొరికాక సంతకం పెట్టేశాడట. పటం కింద మా గడిలో రాయాల్సిన మాటలు తప్పులుంటే దిద్దమని నాకు పంపింది: 'ఇక్కడ రాజు లేడు, ప్రభుత్వం ఉంది. వాడలన్నీ కూడి మాట్లాడి తేల్చుకుంటాయి. తేలినదాన్ని వయసులో పెద్దవాడు పలుకుతాడు. హద్దు మీరినవాణ్ణి పెళ్లై వెళ్లిన ఆడపడుచులు వచ్చి సరిదిద్దుతారు.' నేను ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఆ రోజే క్లాసులో పాత పుస్తకం తెరిపించి, రాజు లేని జాతుల వాక్యాన్ని పిల్లల చేత కొట్టేయించాను. కాస్త భయమేసింది, ప్రభుత్వ పుస్తకం కదా.

ఏడాది గడిచాక పటం వచ్చింది. గోడకి తగిలించిన వారం దాకా ఊరంతా వచ్చి చూసి వెళ్లారు. అసొగ్వా రాలేదు. తర్వాత ఒక సంత రోజున, బడి వదిలేశాక, పిల్లలెవరూ లేనప్పుడు వచ్చాడు. ఎర్రచుక్కల్నీ పచ్చచుక్కల్నీ చాలాసేపు చూశాడు. అంచున ఒక మూల ఆయన గంట బొమ్మ ఉంది, ముక్కుతో సహా. ఆ ముక్కుని వేలితో తడిమాడు.

"పసుపు ఎవరికిచ్చింది?" అన్నాడు.

"ఓయోకి."

"వాళ్ల సంగతేం రాసింది? చదవండి."

చదివాను. ఓయో రాజు దారి తప్పితే మంత్రులు కూడి ఆయనకి ఒక ఖాళీ సొరకాయ బుర్ర పంపేవారని, అది అందాక ఆయన ఇక బతకకూడదని.

"అమ్మో! ఒక మేకతో పోయింది నాది," అని బెంచీ లాక్కుని కూర్చున్నాడు. "ఆ పడమటి కొసనున్నది?"

"దహోమి. అక్కడ రాజు దగ్గర పనిచేసే ప్రతి అధికారికీ రాజు ఇంట్లో ఒక ఆడమనిషి జోడీగా ఉండేదట. అతను రాజుతో ఏం చెప్పాడో, ఏం చేశాడో అంతా ఆవిడ కనిపెట్టి గుర్తుపెట్టుకునేదట."

అసొగ్వా కాసేపు అర్థం కానట్టు చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు, కళ్లలో నీళ్లొచ్చేదాకా. "అంటే ప్రతివాడికీ ఒక అక్క! మా న్వాన్యెకె లాంటిది, రోజూ, పొద్దస్తమానం!" కళ్లు తుడుచుకుని ముందుకు వంగాడు. "సరే, ఆ పైన, ఇసక దేశంలో, నీలం రంగుదేంటి మేష్టారూ? అక్కడెవరు ఏలారు? కాస్త తీరిగ్గా చదవండి, నాకేం తొందర లేదు."